సెగకు కరిగే విందు

స్విట్జర్లాండ్‌లోని వాలే కొండల్లో పుట్టిన రాక్లెట్‌కి కావాల్సిన సరుకులు ప్రధానంగా రెండే: మంచి చీజ్, ఉడికిన బంగాళాదుంప. వంటింట్లో చేసే పని కొంచెమే. అసలు పనంతా అంతకు నెలల ముందే పచ్చిక బయళ్లలో, నేలమాళిగల్లో జరిగిపోతుంది.

ఐదు కిలోల చీజ్ చక్రాన్ని నిలువునా రెండు చెక్కలు చేస్తారు. ఒక చెక్కను తీసుకుని, కోసిన ముఖం నిప్పుల వైపు తిప్పి పెడతారు. మొదట ఏమీ జరిగినట్టు కనిపించదు. కాసేపటికి ఆ పసుపు ముఖం మెరుపెక్కుతుంది, సన్నటి కొవ్వు బిందువులు పైకి తేలతాయి. తర్వాత అంచు మెత్తబడి జారడం మొదలవుతుంది. మధ్యలో బుడగలు లేస్తాయి, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడతాయి. సరిగ్గా అప్పుడు, నిప్పుల దగ్గర నిలబడ్డ మనిషి చెక్కను ఎత్తి పళ్లెం మీదకు వంచి, కత్తి వీపుతో పైనుంచి కిందకు ఒక్క గీకు గీకుతాడు. కరిగిన పొర మొత్తం ముడతలు పడుతూ పళ్లెంలోకి దిగుతుంది. పక్కనే తొక్కతో ఉడికించిన బంగాళాదుంప, వెనిగర్‌లో ఊరిన చిట్టి దోసకాయ, రెండు చిన్న ఉల్లిపాయలు, పైన కాస్త మిరియాల పొడి. ఆ చెక్క మళ్లీ నిప్పుల ముందుకు వెళుతుంది. పళ్లెం అందుకున్నవాళ్లు వెంటనే తినాలి. రెండు నిమిషాలు ఆగితే చీజ్ బిగుసుకుపోతుంది.

రాక్లెట్ అంటే ఇదే. పోపు లేదు, మసాలా లేదు, నూనె చుక్క లేదు. మొదటిసారి చూసినవాళ్లు ఇందులో వంట ఎక్కడుందని అడుగుతారు. వండేవాళ్ల చేతివాటం కంటే సరుకు మీద ఆధారపడి నిలిచే తిండి కొన్ని చోట్ల ఉంటుంది. రాక్లెట్ అలాంటిది. చీజ్ బాగుంటే పదేళ్ల పిల్ల చేసినా బాగుంటుంది, చీజ్ బాగోకపోతే ఎంత చేయి తిరిగినవాళ్లైనా దాన్ని కాపాడలేరు. అందుకని దీన్ని ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లు కొలతల కంటే ముందు ఆ చీజ్ ఎక్కడిది, ఎలా తయారైంది, ఎందుకు కరుగుతుంది అన్నవి తెలుసుకోవడం మంచిది. ఆ కథ కూడా తిండి అంత బాగుంటుంది.

కొండెక్కే ఆవులు

వాలే స్విట్జర్లాండ్‌కు నైరుతి మూలన ఉన్న కాంటన్, మన లెక్కలో రాష్ట్రం. సియొన్ దాని రాజధాని. నడిమధ్య రోన్ నది, అటూ ఇటూ నాలుగు వేల మీటర్లు దాటిన శిఖరాలు. మనవాళ్లు యూరప్ యాత్రలో ఎగబడి ఫొటోలు తీసుకునే మేటర్‌హార్న్ కొండ కూడా ఇక్కడిదే. పడమటి వైపు ఫ్రెంచి, తూర్పు వైపు జర్మన్ మాట్లాడతారు. కొండలు అడ్డు నిలవడం వల్ల దేశంలోకెల్లా వాన తక్కువ పడేది ఈ లోయలోనే. కరిగిన మంచు నీటిని ‘బిస్’ అనే సన్న కాలువల్లో కొండ చరియల వెంట కిలోమీటర్ల కొద్దీ నడిపించి, ద్రాక్షతోటలకూ గడ్డిభూములకూ పెట్టుకున్నారు. బతుకంతా గడ్డి మీద, ఆవుల మీద సాగింది.

జూన్‌లో మంచు వెనక్కి తగ్గగానే ఆవుల్ని పైకి తోలతారు. పదిహేను వందల మీటర్ల ఎత్తు నుంచి చెట్లు మొలవని చోటు దాకా పచ్చిక బయళ్లు పరుచుకుని ఉంటాయి. గడ్డి తినేకొద్దీ మంద ఇంకా పైకి వెళుతుంది. సెప్టెంబరులో చలి మొదలయ్యాక దిగివస్తుంది. ఈ ప్రాంతపు సొంత జాతి ఎరాన్ ఆవు. పొట్టి కాళ్లు, ముదురు రంగు ఒళ్లు, బలమైన మెడ. కొండెక్కిన తొలి రోజుల్లో మందలో పెత్తనం ఎవరిదో ఇవి కొమ్ములు కలిపి తేల్చుకుంటాయి. ఓడింది పక్కకు తప్పుకుంటుంది. అన్నిటినీ ఓడించిన ఆవు ఆ వేసవికి రాణి. ఈ పోటీలను చూడటానికి జనం వేలల్లో వస్తారు. సియొన్ దగ్గర అప్రో అనే ఊళ్లో జరిగే తుది పోటీకి స్విట్జర్లాండ్ అంతటా పేరుంది. ఎరాన్ ఆవు పాలు మరీ ఎక్కువ ఇవ్వదు కాబట్టి చీజ్‌కి వేరే జాతుల పాలూ వాడతారు. అయినా వాలే రైతు దాన్ని వదులుకోడు.

ఒకప్పుడు ఇంటికి రెండు మూడు ఆవులకు మించి ఉండేవి కావు. ఆ కొద్ది పాలతో పెద్ద చక్రం చేయడం కుదరదు. అందుకే ఊరి ఆవులన్నీ ఒకే మందగా కొండెక్కేవి, పాలన్నీ ఒకే రాగి కాగులో పడేవి. ఎవరి ఆవు ఎన్ని పాలిచ్చిందో కొలిచి రాసుకుని, వేసవి చివర ఆ లెక్క ప్రకారం చక్రాలు పంచుకునేవారు. శీతకాలమంతా ఆ చక్రాలే తిండి, ఆ చక్రాలే ఆస్తి. వాలేలోని అనీవియే లోయలో ఇంకో ఆచారం ఉండేది. మనిషి తన అంత్యక్రియలకు వచ్చేవాళ్లకు పెట్టడానికి ఒక చక్రాన్ని బతికుండగానే పక్కన పెట్టుకునేవాడు. ఏళ్లు గడిచి అది రాయిలా గట్టిపడేది. చీజ్‌కి వాళ్ల జీవితంలో ఎంత చోటుందో చెప్పడానికి ఆ ఒక్క ఆచారం చాలు.

తయారీ దగ్గరికి వస్తే, పాలను కాచరు. పచ్చి పాలనే రాగి కాగులో గోరువెచ్చన, సుమారు 32 డిగ్రీల వరకు వేడి చేసి, పులిసే బ్యాక్టీరియానూ పాలను గడ్డకట్టించే రెన్నెట్‌నూ కలుపుతారు. అరగంటలో పాలు కదలని గడ్డగా తయారవుతాయి. తీగలు బిగించిన చట్రంతో ఆ గడ్డను చిన్న పలుకులుగా కోస్తారు. మళ్లీ కొంచెం వేడి పెంచి, పలుకులు నీరు వదిలేదాకా కలుపుతారు. ఇక్కడ చీజ్ చేసేవాళ్లు యంత్రం వైపు చూడరు. ఒక గుప్పెడు పలుకులు తీసి పిడికిలి బిగిస్తారు. ముద్ద కట్టి, మళ్లీ వేళ్లతో రాలిస్తే విడిపోవాలి. అలా అయితే తీయొచ్చు. గుండ్రటి అచ్చుల్లో నింపి బరువు పెట్టి, తిరగేస్తూ ఉంటారు. మర్నాడు ఉప్పునీళ్లలో ముంచుతారు. అక్కడి నుంచి నేలమాళిగకు చేరతాయి.

నేలమాళిగ చల్లగా, చెమ్మగా ఉంటుంది. చెక్క అరల మీద చక్రాలు వరసగా పేర్చి ఉంటాయి. వాటిని తరచుగా తిప్పుతూ, ఉప్పునీళ్లలో ముంచిన బ్రష్‌తో పైభాగాన్ని తుడుస్తారు. ఆ తడి ఉప్పు పొర మీద ప్రత్యేకమైన బ్యాక్టీరియా పెరిగి, పైతొక్క నారింజ, గోధుమ రంగులకు తిరుగుతుంది. రాక్లెట్ అనగానే ముక్కుకు తగిలే ఘాటైన వాసన ఆ తొక్కది. లోపలి చీజ్ మెత్తగా, పాలు, వెన్న, ఎండుగడ్డి కలిసిన రుచితో ఉంటుంది. వాసన చూసి వెనక్కి తగ్గేవాళ్లు ఒక్క ముక్క నోట్లో వేసుకుని చూడాలి.

పేరు కోసం కోర్టుకు

చీజ్‌ను నిప్పుకు కరిగించి తినడం వాలేలో 16వ శతాబ్దం నుంచీ రాతల్లో కనబడుతుంది. స్విట్జర్లాండ్‌లోని వేరే కొండ ప్రాంతాల్లోనూ ఉంది. 1880లో వచ్చిన యోహానా స్పిరి ‘హైడీ’ చదివినవాళ్లకు తాతయ్య పొడవాటి ఇనుప ఫోర్కుకు చీజ్ ముక్క గుచ్చి మంట మీద కాల్చి, రొట్టె మీద మనవరాలికి పెట్టడం గుర్తుండే ఉంటుంది. ఆ కథ జరిగేది వాలేలో కాదు, దేశానికి ఇంకో చివరనున్న గ్రాబ్యుండన్‌లో. లేయోన్ అనే ద్రాక్షతోట కూలీ చలికి తట్టుకోలేక తన చీజ్ ముక్కను మంట దగ్గర పెట్టాడని, అలా రాక్లెట్ పుట్టిందని వాలేలో ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ నిప్పూ చీజూ రెండూ ఉన్న కొండల్లో దీన్ని కనిపెట్టడానికి ఒక మనిషి పేరు అవసరం లేదనిపిస్తుంది. పశువులు కాసేవాళ్లు రోజూ చేసుకున్న తిండి ఇది.

ఇందులో బంగాళాదుంప తర్వాత వచ్చి చేరింది. దక్షిణ అమెరికా ఆండీస్ నుంచి యూరప్ చేరిన ఈ దుంప స్విస్ కొండల్లో నిలదొక్కుకున్నది 18వ శతాబ్దంలో. అంతకుముందు కరిగిన చీజ్‌కి తోడు రై పిండితో చేసిన నల్లటి రొట్టే. ఆ రొట్టె ఇప్పటికీ వాలే బల్లల మీద కనిపిస్తుంది.

ఊరి తిండి పండగ తిండిగా మారిన సందర్భం 1909లో వచ్చింది. సియొన్‌లో జరిగిన పారిశ్రామిక ప్రదర్శనలో సందర్శకులకు రాక్లెట్ వడ్డించారు. తర్వాత 1970ల దశకంలో బల్ల మీద పెట్టుకునే విద్యుత్ పరికరాలు వచ్చాక రాక్లెట్ ఊరు దాటి, కొండ దాటి, ఫ్రాన్స్, జర్మనీ ఇళ్లలోకి వెళ్లింది. కర్మాగారాలు ఆ పేరుతో చీజ్ తయారు చేసి అమ్మసాగాయి. వాలే రైతులకు కడుపు మండింది. రాక్లెట్ అన్న పేరు తమ కాంటన్‌కే చెందాలని పోరాడారు. వ్యవహారం స్విస్ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. రాక్లెట్ అనేది ఒక వంటకం పేరు, దాన్ని ఒక్కరికే కట్టబెట్టలేమని 2007లో కోర్టు తేల్చింది. ‘రాక్లెట్ ద్యు వాలే’ అన్న పూర్తి పేరుకు మాత్రం రక్షణ దక్కింది. తిరుపతి లడ్డూకూ బందరు లడ్డూకూ మన దగ్గర భౌగోళిక గుర్తింపు ఇచ్చినట్టే ఇదీ. ఆ పేరుతో అమ్మాలంటే పాలు పచ్చివై ఉండాలి, వాలేలోనివే కావాలి, చక్రం సుమారు ఐదు కిలోలుండాలి, కనీసం మూడు నెలలు మాగాలి. చక్రం పక్క అంచున ఊరి పేరో పచ్చిక బయలు పేరో ఉబ్బెత్తుగా అచ్చుపడి ఉంటుంది: బాన్య, గోమ్స్, ఓర్సియేర్ అని. సియెర్ పట్టణంలోని షాటో ద విల్లాలో ఐదు వేర్వేరు చోట్ల చక్రాలను పక్కపక్కనే కరిగించి వరసగా వడ్డిస్తారు. పక్క లోయ గడ్డికే రుచి ఎంత మారుతుందో అక్కడ తెలుస్తుంది.

పొరుగున ఫ్రాన్స్‌లోని సవోయా ప్రాంతమూ ఊరుకోలేదు. వాళ్ల రాక్లెట్‌కి 2017లో యూరోపియన్ యూనియన్ గుర్తింపు వచ్చింది.

పనీర్ ఎందుకు కరగదు?

మన ఇంట్లో చీజ్ అంటే చాలామందికి ముందు పనీరే. మరి రాక్లెట్ బదులు పనీర్ ముక్కను పెనం మీద పెడితే? ఎర్రగా వేగుతుంది, అంచులు గట్టిపడతాయి, కరగడం మాత్రం జరగదు. తేడా పాలను విరిచే పద్ధతిలో ఉంది.

పాలలో కేసీన్ అనే ప్రొటీన్ సూక్ష్మమైన గుత్తులుగా తేలుతూ ఉంటుంది. ఆ గుత్తులను లోపలి నుంచి పట్టి ఉంచేది కాల్షియం. రెన్నెట్‌లోని ఎంజైమ్ గుత్తుల పైపొరను మాత్రమే కత్తిరిస్తుంది. అప్పుడు గుత్తులు ఒకదానికొకటి అతుక్కుని వల అల్లుకుంటాయి, ఆ వలలో కొవ్వూ నీరూ చిక్కుకుంటాయి. పులిసే కొద్దీ ఆమ్లం పెరిగి కొంత కాల్షియంను బయటకు లాగేస్తుంది. నెలల తరబడి మాగుతుంటే ఎంజైములు ఆ వల పోగులను అక్కడక్కడా తెంపుతాయి. ఇలా సగం సడలిన వలకు వేడి తగిలితే, ముందు కొవ్వు కరుగుతుంది. ఇంకా వేడెక్కితే పోగులు పట్టు వదిలి ఒకదాని మీద ఒకటి జారతాయి. మన కంటికి చీజ్ పారుతున్నట్టు కనిపించేది అదే.

పనీర్ కోసం పాలను ముందే బాగా మరిగించి, నిమ్మరసమో వెనిగరో వేస్తాం. ఆ వేడికి పాలవిరుగుడు ప్రొటీన్లు కూడా విడిపోయి కేసీన్‌కు అతుక్కుంటాయి. ఆమ్లం కాల్షియంను దాదాపు ఊడ్చేస్తుంది. మిగిలిన ప్రొటీన్లు ఒకదాన్నొకటి నేరుగా, బిగుతుగా పట్టుకుంటాయి. వేడి చేసినకొద్దీ నీరు పోయి ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. పాలక్ కూరలో పనీర్ ముక్క ముక్కలాగే ఉండటానికి ఇదే కారణం. కూరకు ఆ గుణం వరం, రాక్లెట్‌కి పనికిరాదు.

మాగిన వయసు కూడా ముఖ్యమే. మరీ లేత చీజ్ రబ్బరులా సాగుతుంది. మరీ ముదిరింది వేడికి నూనె వదిలి పలుకులుగా విరుగుతుంది. మూడు నెలల నుంచి ఆరు నెలల మధ్య ఉన్న చక్రం రాక్లెట్‌కి కుదురుతుంది. మోజరెల్లా వేడినీళ్లలో సాగదీసి చేసింది కాబట్టి దారాలుగా లేస్తుంది, పిజ్జాకు అదే సరి. డబ్బాల్లో దొరికే ప్రాసెస్డ్ చీజ్‌లో కలిపిన లవణాల వల్ల అది మెత్తబడుతుంది గానీ రాక్లెట్ ఇచ్చే ఆ పొర రాదు.

శాకాహారులు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. సంప్రదాయ రెన్నెట్ పాలు తాగే దూడ పొట్ట నుంచి తీసేది. వాలే చక్రాల్లో ఉండేది అదే. మన దేశంలో చీజ్‌కు ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకుంటే అనుమానం తీరిపోతుంది.

మనింట్లో రాక్లెట్

ముందు దుంప సంగతి. పిండిపిండిగా విడిపోయే రకం వద్దు. తొక్క పలచగా, లోపల గట్టిగా ఉండే లేత దుంపలు కావాలి. జహీరాబాద్ వైపు నుంచి శీతకాలం చివర్లో వచ్చే కొత్త పంట దీనికి బాగా కుదురుతుంది. కోల్డ్ స్టోరేజీలో నెలలు గడిపిన దుంపలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారి తియ్యటి రుచి వస్తుంది, చీజ్ పక్కన ఆ తీపి బాగుండదు. కోడిగుడ్డు కంటే చిన్నవి, అన్నీ ఒకే సైజువి ఏరుకోండి. మనిషికి నాలుగైదు చాలు.

మట్టి పోయేలా రుద్ది కడగండి, తొక్క తీయొద్దు. చల్లటి నీళ్లలో వేసి, నీళ్లు కాస్త ఉప్పగా తగిలేంత ఉప్పు కలిపి, పొయ్యి మీద పెట్టండి. కుక్కర్ వాడకపోవడమే మంచిది. విజిల్ ఒత్తిడికి తొక్క పగిలి లోపలికి నీళ్లు పడతాయి, దుంప చప్పగా అవుతుంది. మామూలు గిన్నెలో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉడికితే చాకు సులువుగా దిగుతుంది. నీళ్లు వంపేసి, గిన్నెను ఒక నిమిషం ఖాళీ మంట మీద ఉంచితే మిగిలిన చెమ్మ ఆరుతుంది. తర్వాత పలచటి గుడ్డలో చుట్టి హాట్‌ప్యాక్‌లో పెట్టేయండి. భోజనం గంటన్నర సాగుతుంది, చివరి దుంప దాకా వేడి నిలవాలి.

చీజ్ మనిషికి 200 గ్రాముల లెక్కన కొనండి. ఆకలి మీదుంటే 250. పెద్ద నగరాల్లో దిగుమతి సరుకు అమ్మే షాపుల్లో రాక్లెట్ దొరుకుతుంది. దొరక్కపోతే మన దేశంలోనే తయారయ్యే గౌడా చీజ్‌లో కొన్ని నెలలు మాగిన రకం తీసుకోండి. రుచి వేరేగా ఉంటుంది, ఘాటు తక్కువ, కానీ చక్కగా కరుగుతుంది. గ్రూయేర్ అనే స్విస్ చీజ్ దొరికితే సగం అదీ సగం ఇదీ కలిపి వాడొచ్చు. తినడానికి గంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి. చల్లటి ముక్కను మంట దగ్గర పెడితే పైన మాడి లోపల గట్టిగా ఉండిపోతుంది. తొక్కను చాకుతో పైపైన గీకి, తడిగుడ్డతో తుడిస్తే చాలు, కోసి పారేయొద్దు. అర సెంటీమీటరు మందాన, అరచేయంత పలకలుగా కోసుకోండి.

అర్ధచక్రాన్ని నిప్పుల ముందు పెట్టే వీలు మన అపార్ట్‌మెంట్లలో ఎవరికుంటుంది? ఓటీజీ ఉన్నవాళ్లు కింది కడ్డీ ఆపేసి, పై కడ్డీ ఒక్కటే పెట్టి పది నిమిషాలు ముందే వేడెక్కించాలి. చిన్న ఇనప పెనంలో ఒక పలక పెట్టి, కడ్డీకి నాలుగు వేళ్ల దూరంలో ఉంచి, తలుపు దగ్గర నుంచి కదలకుండా చూస్తూ ఉండాలి. మూడు నాలుగు నిమిషాల్లో మొత్తం కరిగి బుడగలు వస్తాయి. బుడగల కొసలు బంగారు రంగుకు తిరగగానే తీసేయాలి. ఇంకో నిమిషం ఆశపడితే నూనె విడిపోయి అడుగున తోలులాంటి పొర మిగులుతుంది. ఓటీజీ లేకపోతే మందపాటి నాన్‌స్టిక్ పెనం మీద సన్న సెగన, మూత పెట్టి కరిగించొచ్చు. పైన మచ్చలు పడవు, అంతవరకే లోటు. ఆరుగురు, ఎనిమిది మందికి సరిపడే చిన్న చిన్న పళ్లేలతో బల్ల మీద పెట్టుకునే విద్యుత్ రాక్లెట్ గ్రిల్ కొనుక్కుంటే మరీ సుఖం, ఎవరి ముక్క వాళ్లే కరిగించుకుంటారు.

దుంపను పళ్లెంలో సగానికి చీల్చి, పక్కన చీజ్ ఒంపి, మిరియాలు అప్పటికప్పుడు దంచి చల్లండి. కొందరు జాజికాయ పొడి కూడా వేస్తారు. ఇంతకు మించి ఏమీ వేయకండని నా మనవి. ముఖ్యంగా మొదటిసారి. చాట్ మసాలా, పచ్చిమిర్చి, టమాటా సాస్ అందుకున్నామంటే ఆ చీజ్ మాగిన మూడు నెలలూ వృథా. కిటికీలు తెరిచి ఉంచండి, లేకపోతే ఆ వాసన మర్నాటి దాకా కర్టెన్లను పట్టుకుని ఉంటుంది.

చిట్టి దోసకాయ కథ

పళ్లెంలో పక్కనుండే ఆ వేలెడంత పచ్చటి దోసకాయ లేకుండా రాక్లెట్ సాగదు. కొవ్వు నాలుకను కప్పేస్తుంటే, వెనిగర్ పులుపూ కరకరలాడే కండా ఆ పొరను తొలగించి నోటిని మళ్లీ సిద్ధం చేస్తాయి. ఫ్రెంచివాళ్లు కోర్నిషోన్ అనే ఈ కాయను మన రైతులు గెర్కిన్ అంటారు. రాక్లెట్‌కూ తెలుగు నేలకూ ఉన్న సూటి సంబంధం ఇదే. 1990లలో కర్ణాటకలో మొదలైన గెర్కిన్ సాగు తమిళనాడుకు, మన రాష్ట్రాలకు పాకింది. కుప్పం లాంటి సరిహద్దు ప్రాంతాల్లో కంపెనీలతో ఒప్పందం కుదుర్చుకుని దీన్ని పండిస్తారు. మూడు నెలల్లోపు పంట. తీగకు కాయ కనబడ్డాక రోజూ కోయాలి, ఒక్క రోజు ఆలస్యమైతే లావెక్కి ధర పడిపోతుంది. ఎంత చిన్న కాయైతే అంత ఎక్కువ రేటు. వేలి కణుపంత కాయను ఆకుల కింద వెతికి, తొడిమ దగ్గర గిల్లి, గీత పడకుండా బుట్టలో వేసే పని ఎక్కువగా ఆడకూలీలది. సైజుల వారీగా వేరుచేసి, ఉప్పునీళ్లలోనో వెనిగర్‌లోనో నింపి డ్రమ్ములూ సీసాలూ ఓడలకెక్కిస్తారు. పండినదంతా దాదాపు విదేశాలకే. ప్రపంచంలో గెర్కిన్ ఎగుమతిలో మన దేశం అగ్రస్థానంలో ఉంది. పారిస్‌లోనో బెర్లిన్‌లోనో రాక్లెట్ తినే కుటుంబం సీసాలోంచి తీసే కాయ రాయలసీమ చేలో పుట్టిందై ఉండే అవకాశం చిన్నదేమీ కాదు. ఆ కాయను పెంచిన ఊళ్లో మాత్రం దాన్ని ఎవరూ తినరు. మనం తిని చూద్దాం, సూపర్ మార్కెట్లలో సీసా దొరుకుతుంది.

ఆవకాయ వేసుకోవచ్చా అని అడిగేవాళ్లుంటారు. ఆవకాయంటే నాకు ప్రాణం. అయినా ఇక్కడ వద్దంటాను. ఆవపిండి ఘాటూ నూనే కలిసి చీజ్‌ను మింగేస్తాయి. కావాలంటే సాంబారు ఉల్లిపాయలు పొట్టు తీసి, ఉప్పూ చిటికెడు చక్కెరా కలిపిన వెనిగర్‌లో ముందు రోజు రాత్రి ఊరేయండి. ఇంటి ఊరగాయ ఉండాలన్న కోరికా తీరుతుంది, రాక్లెట్‌కీ సరిపోతుంది.

వేడి టీయా, చల్లని నీళ్లా?

వాలేలో రాక్లెట్‌తో ఫాందాన్ అనే స్థానిక వైట్ వైన్ తాగుతారు, లేదంటే పాలు లేని వేడి టీ. చల్లటి నీళ్లు తాగితే చీజ్ పొట్టలో గడ్డ కడుతుందని పెద్దలు హెచ్చరిస్తారు. ఇలాంటిదే ఇంకో స్విస్ చీజ్ వంటకం ఫాండ్యూ మీద జ్యూరిక్ వైద్యులు చేసిన పరిశోధన 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 20 మందికి ఫాండ్యూ పెట్టి, వైన్ తాగినప్పుడు ఎలా ఉంది, టీ తాగినప్పుడు ఎలా ఉంది అని కొలిచారు. మద్యం తాగినప్పుడు పొట్ట ఖాళీ అవడం బాగా ఆలస్యమైంది. అజీర్తి లక్షణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. మనకు అల్లం వేసిన బ్లాక్ టీ హాయిగా నప్పుతుంది.

పాలలోని లాక్టోజ్ అరగని వాళ్లు కొంత ధైర్యంగా తినొచ్చు. అందులో ఎక్కువ భాగం తయారీలోనే విరుగుడు నీళ్లతో పోతుంది, మిగిలింది మాగే దశలో బ్యాక్టీరియా తినేస్తుంది. కానీ ఇది తేలిక తిండి కాదు. వంద గ్రాముల చీజ్‌లో సుమారు 350 కిలోక్యాలరీలు, పాతిక గ్రాములు దాటిన కొవ్వు, గణనీయంగా ఉప్పు ఉంటాయి. బీపీ ఉన్నవాళ్లు లెక్కగా తినాలి. కొండ మీద చలిలో రోజంతా నడిచిన పశువుల కాపరి కోసం పుట్టిన భోజనం ఇది. ఏడాదికి ఏదో ఒక చలిరాత్రి చేసుకుంటేనే దీని విలువ దీనికి.

వంతులవారీ భోజనం

జర్మనీలో చదువుతున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల్లో చాలామందికి రాక్లెట్ పరిచయమయ్యేది డిసెంబర్ 31 రాత్రి. అక్కడి ఇళ్లలో కొత్త సంవత్సరం విందంటే బల్ల మధ్యలో రాక్లెట్ గ్రిల్ ఉండాల్సిందే. చిన్న పళ్లేల్లో మొక్కజొన్న, పుట్టగొడుగులు, అనాస ముక్కలు, ఏది పడితే అది పెట్టి పైన చీజ్ పరుస్తారు. ఫ్రాన్స్‌లో పక్కన పంది మాంసం పలచటి ముక్కలు ఉంటాయి. వాలేవాళ్లకు ఇవేవీ నచ్చవు, నా మొగ్గూ వాళ్ల వైపే. అయినా వేరు వేరు దేశాల నుంచి వచ్చి ఒక అద్దె ఇంట్లో ఉంటున్న నలుగురు కుర్రాళ్లు, మాంసం తినేవాళ్లూ తిననివాళ్లూ, ఒకే గ్రిల్ చుట్టూ కూర్చుని అర్ధరాత్రి దాకా తినగలిగే తిండి మరొకటి వెంటనే తట్టదు.

వాలే పద్ధతిలో మాత్రం ఒకరు నిప్పుల దగ్గర ఉండాలి. ఒక్కో గీకు ఒక్కో పళ్లెంలోకి, వంతులవారీగా. పెనం మీంచి ఒక్కో దోసె తీసి వరసగా వేస్తుంటే మన ఇళ్లలో పిల్లలు పళ్లేలు పట్టుకుని ఎదురుచూస్తారు చూడండి, అచ్చం అలాగే. అందరి ముందూ ఒకేసారి తిండి ఉండదు. ఒకరు తింటుంటే ఇంకొకరు మాట్లాడతారు. పళ్లెం ఖాళీ అయితే మళ్లీ వెళుతుంది, చాలనేదాకా ఆ రాకపోకలు సాగుతాయి. దోసెలు పోసే అమ్మ చివరికి ఒక్కతే కూర్చుని తినడం మనకు అలవాటైపోయింది. రాక్లెట్ చేసుకునే రోజున ఆ పని నాలుగు ముక్కలకొకరు మార్చుకోవాలని గట్టిగా చెబుతాను. ఇందులో కష్టమైన విద్య ఏమీ లేదు, చూస్తూ ఉండటమే. పదేళ్లు దాటిన పిల్లలకు కూడా, పెద్దవాళ్లు పక్కనుండి, ఒక వంతు ఇవ్వొచ్చు.

చెక్క కరిగేకొద్దీ చివర మిగిలే తొక్క నిప్పుకు కాలి కరకరలాడే అంచుగా మారుతుంది. వాలేలో దాన్ని రెలిజ్యూజ్ అంటారు. ఇష్టపడేవాళ్లు దానికోసం పోటీ పడతారు. ఇంట్లో ఓటీజీలో చేసినా పలక అంచున ఉన్న తొక్క అలాగే వేగుతుంది. వాసన భరించగలిగితే తినండి, నాకైతే మొత్తం భోజనంలో అదే ఎక్కువ ఇష్టం.

మిగిలిన చీజ్‌ను వెన్న కాగితంలో చుట్టి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచండి. డబ్బా లేకపోతే పక్కనున్న పాలకూ పెరుగుకూ ఆ వాసన పట్టేస్తుంది. వారం లోపు వాడేయాలి. దుంపలు మిగిలితే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున తొక్క తీసి ముతకగా తురమండి. ఇనప పెనం మీద రెండు చెంచాల వెన్న వేసి, తురుమును అట్టులా పరిచి, మధ్యస్థంగా ఉన్న సెగ మీద పావుగంట కదపకుండా వదిలేయండి. కింద ఎర్రగా గట్టిపడ్డాక పళ్లెంలోకి బోర్లించి, రెండో వైపు కాల్చండి. స్విస్‌వాళ్లు దీన్ని రోష్టి అంటారు. దించే ముందు మిగిలిన చీజ్ పలక ఒకటి పైన పరిచి, మూత పెట్టి, రెండు నిమిషాలు ఆగి తీయండి.